పెరటి కోళ్ళు పెంచడం, ఇంట్లోనే పిల్లల్ని లేపడం: మన గోదావరి డెల్టాలో ముందు చెమ్మ సంగతి చూసుకోండి

మొదటిసారి గుడ్లు పొదిగే కరెంటు పెట్టెలో (ఇంక్యుబేటర్) 24 గుడ్లు పెట్టింది శ్రావణంలో. 7 పిల్లలు లేచాయి. మూడు గుడ్లు మొదటి నుంచీ ఖాళీవే, వాటి సంగతి వదిలేయండి. మిగిలిన పద్నాలుగూ పగలగొట్టి చూస్తే పిల్ల మొత్తం తయారైపోయి ఉంది, ఈకలు, గోళ్ళు అన్నీ వచ్చేశాయి, ఇంకో రోజు గడిస్తే బయటికొచ్చేదే, కానీ లోపలంతా నీళ్ళు నీళ్ళుగా ఉండి అందులోనే మునిగి చచ్చిపోయింది. అదే వారం మా అత్తయ్యగారు మెట్ల కింద పాత గంపలో పొదగేసిన కోడి 11 గుడ్లకి 10 పిల్లల్ని లేపి వీధిలో దర్జాగా తిప్పుకుంటోంది. ఆవిడ నా పెట్టెలోకి తొంగి చూసి "అమ్మాయ్, గుడ్లు పొదగేశావా, ఇడ్లీలు వేశావా?" అన్నారు. పెట్టె అద్దం మీద ఆవిరి ధారలు కట్టి ఉంది మరి.

నేను చూసిన వీడియోలన్నిటిలో "నీళ్ళ గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచండి" అనే చెప్పారు. వాళ్ళవి పొడి ఊళ్ళు అయ్యుంటాయి. ఇంటి వెనక కాలవ, పక్కన కొబ్బరి తోట, ఆ పక్కన చేపల చెరువు, వానాకాలం వస్తే డబ్బాలో ఉప్పు నీరైపోయే ఊళ్ళు మనవి. అమలాపురం, రాజోలు, నరసాపురం, పాలకొల్లు, భీమవరం వైపు కోళ్ళు పెంచాలంటే గూడు దగ్గర్నుంచి పొదుగు దాకా, మేత దగ్గర్నుంచి మందు దాకా ముందు చూసుకోవాల్సింది చెమ్మే. ఆ లెక్కలోనే చెబుతున్నాను.

ముందు గూడు

గూడు కట్టకుండా కోళ్ళు కొనకండి. "రెండ్రోజులు వరండాలో ఉంచుదాంలే" అనుకుంటే ఆ రెండ్రోజుల్లోనే ముంగిస వస్తుంది. పది కోళ్ళకి 5 అడుగులు, 4 అడుగుల గూడు సరిపోతుంది, రాత్రి పడుకోవడానికి కోడికి 2 చదరపు అడుగులు లెక్క. నేల మీద కట్టొద్దు. సరుగుడు బాదులు పాతి కనీసం 2 అడుగులు లేపండి, అడుగున వెదురు బద్దలు వేలు పట్టేంత సందు వదిలి కొట్టించండి, రెట్ట కిందకి రాలిపోతుంది, గాలి ఆడుతుంది. లంక ఊళ్ళ వాళ్ళయితే ఇంకా పైకి కట్టండి. 2022 జూలై వరదకి లంకలు రోజుల తరబడి నీళ్ళలోనే ఉన్నాయి కదా, మీ గోడ మీద ఆ నీటి మరక ఎక్కడిదాకా ఉందో చూసుకుని దానికి పైన గూడు అడుగు రావాలి. పైన తాటాకు వేస్తే చల్లగా ఉంటుంది. రేకు వేస్తే దాని మీద కొబ్బరాకులు పరవక తప్పదు, లేకపోతే వైశాఖంలో కోళ్ళు నోరు తెరుచుకుని రొప్పుతూ కూర్చుంటాయి.

జాలీ విషయంలో కక్కుర్తి పడకండి. అంగుళం కన్నాల కోళ్ళ జాలీలోంచి జెర్రిపోతు హాయిగా దూరుతుంది. దానికి విషం లేదు కానీ ఒక రాత్రికి గుడ్లూ పిల్లలూ ఖాళీ చేస్తుంది. అర అంగుళం వెల్డ్ మెష్ వేయండి. దీపాలు పెట్టే వేళకి కోళ్ళు వాటంతటవే గూటికి చేరతాయి, లెక్కపెట్టి తలుపేయడం మీ పని. పగలు గద్దలకి, కాకులకి మంచి ఉపాయం చేపల చెరువుల మీద కట్టే పాత వల. చెరువుల వాళ్ళని అడిగితే చిరిగినవి ఊరికే ఇచ్చేస్తారు, పెరట్లో పిల్లలు తిరిగే మూల మీద కట్టేయండి.

గుడ్లు పెట్టే గంపల్లో, పిల్లల కింద పొడి ఊక వేయాలి. రైస్ మిల్లులో దొరుకుతుంది. గుప్పెట్లో పట్టి నొక్కి వదిలితే విడిపోవాలి, ముద్దలా ఉండిపోతే తీసి పారేయండి.

ఏ కోళ్ళు

మొదటి ఏడాది ఎనిమిది పెట్టలు, ఒక పుంజు చాలు. అంతకు మించితే మేత ఖర్చు, ఇరుగుపొరుగు గొడవ రెండూ పెరుగుతాయి. నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లే పెడుతుంది కానీ పొదుగుతుంది, పిల్లల్ని పెంచుతుంది, గద్ద నీడ పడితే రెక్కల కిందకి తోసేసుకుంటుంది. వనరాజా, గ్రామప్రియ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన కేంద్రం పెరటి కోసమని తయారుచేసిన రకాలు. గుడ్లు బాగా పెడతాయి, వనరాజా ఏడాదికి వంద దాటుతుంది, గ్రామప్రియ ఇంకా ఎక్కువ, కానీ పొదుగుకి మాత్రం సరిగా కూర్చోవు. ఇంకో సంగతి, అవి సంకరాలు కాబట్టి వాటి గుడ్లకి లేచిన పిల్లలు తల్లంత గుడ్లు పెడతాయని ఆశ పెట్టుకోకండి. నా మాట వింటే నాలుగు గ్రామప్రియ గుడ్లకీ, నాలుగు నాటువి పొదుగుకీ పెట్టుకోండి.

పందెం కోళ్ళ రకం అసీల్ గురించి అందరూ అడుగుతారు. డేగ, కాకి, నెమలి, సేతువ అని రంగు చూసి రేటు చెబుతారు, సంక్రాంతి ముందు ఆ రేటుకి అంతుండదు. పెట్టలు పొదుగుకి మంచివే, కాదనను. కానీ రెండు పుంజుల్ని పెరట్లో వదిలితే ఒకటి మిగలదు, పైగా ఆ పందెం బరుల గొడవ 1960 జంతుహింస చట్టం దాకా పోతుంది. కూరకీ గుడ్డుకీ కోళ్ళు కావాల్సినవాళ్ళకి ఆ తలనొప్పి ఎందుకు?

సంతలో కొన్న కోడిని తెచ్చిన రోజే మందలో వదలొద్దు. మూడు వారాలు విడిగా గంప కింద ఉంచండి. ఇది చెబితే అందరూ నవ్వుతారు, తెగులొచ్చాక ఎవరూ నవ్వరు.

మేత పెద్ద బ్రహ్మవిద్య కాదు. తిరిగి తినే కోళ్ళకి పొద్దున కొంచెం, సాయంత్రం కొంచెం నూకలు, తౌడు, చోళ్ళు కలిపి వేస్తే చాలు, కోడికి రోజుకి 40, 50 గ్రాములు. గుడ్లు పెట్టేవాటికి నత్త గుల్లలు, ఆల్చిప్పలు దంచి ఒక మూకుడులో విడిగా పెట్టండి, కావాల్సినంత అవే తింటాయి, గుడ్డు పెంకు గట్టిపడుతుంది. తౌడు మాత్రం వారానికి సరిపడా తెచ్చుకోండి. ముసురు పట్టినప్పుడు బస్తాలో తౌడు ఉండ కట్టి ముక్కిపోతుంది, ఆ బూజు కోడి కాలేయాన్ని తినేస్తుంది. "కోళ్ళకే కదా" అని వేయకండి.

గుడ్లు ఏరుకోవడం

పొదుగుకి పెట్టే గుడ్డు పుంజుతో తిరిగే పెట్టదే అయ్యుండాలి, ఏడు రోజుల లోపుదై ఉండాలి, ఎండాకాలమైతే మూడు నాలుగు రోజులే. మన ఎండలకి బయట పెట్టిన గుడ్డులో కోడి కూర్చోకుండానే పిల్ల కొంచెం కొంచెం కదలడం మొదలై మధ్యలో ఆగిపోతుంది, తర్వాత ఎంత పొదిగినా లాభం లేదు. కడగొద్దు. గుడ్డు మీద సన్నటి పొర ఉంటుంది, కడిగితే అది పోయి లోపలికి రోగక్రిములు చేరతాయి. మట్టి అంటితే పొడిగుడ్డతో తుడవండి, బాగా రెట్ట పట్టింది అట్టు వేసుకోండి. సన్న కొన కిందకి ఉండేలా చోళ్ళ డబ్బాలోనో బియ్యం డబ్బాలోనో చల్లటి గదిలో గుచ్చి ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టినవి వద్దు. కొత్తగా గుడ్లకి వచ్చిన పెట్ట పెట్టే చిన్న గుడ్లూ వద్దు.

కాలం సంగతి: కార్తీకం నుంచి మాఘం దాకా బంగారం. రోహిణి కార్తెలో పెట్టి "సగం మురిగిపోయాయి" అని ఏడవకండి.

కోడి కింద పెడితే

పొదుగుకి వచ్చిన కోడి తెలిసిపోతుంది. గంప దిగదు, చెయ్యి పెడితే ఈకలు ఉబ్బించి కొర్రుమంటుంది, పొట్ట కింద ఈకలు రాలి వేడిగా ఉంటుంది. వెంటనే మంచి గుడ్లు పెట్టేయకండి, రెండ్రోజులు రెండు పనికిరాని గుడ్ల మీద కూర్చోబెట్టి చూడండి, మధ్యలో లేచిపోయే రకమైతే అప్పుడే తెలుస్తుంది.

గంపలో అడుగున బూడిద, ఎండిన వేపాకు, పైన వరిగడ్డి గుండ్రంగా గూడులా నొక్కండి. బూడిద, వేపాకు పేల కోసం. పొదుగు మీద కోడికి పేలు పడితే రక్తం పీల్చేస్తాయి, అది తట్టుకోలేక గుడ్లు వదిలేసి పోతుంది. మా అత్తయ్యగారు ఒక ఇనప ముక్క, ఒక బొగ్గు కూడా పెడతారు, ఉరుములకి గుడ్లు మురిగిపోకుండా అట. నేను ఎదురు చెప్పను, ఇనప ముక్క వల్ల నష్టమేం లేదు. కానీ ఉరిమిన రాత్రి అసలు నష్టం జల్లు కొట్టి గంప తడవడం, కోడి బెదిరి లేచిపోవడం. గంపని చూరు కింద కాదు, గోడ వారగా లోపలికి పెట్టండి.

నాటు కోడి కింద 10, 12 గుడ్లకి మించొద్దు, బయటికి కనిపిస్తున్న గుడ్డు చల్లబడిపోతుంది. రాత్రి చీకట్లో పెట్టండి, పట్టించుకోదు. ప్రతి గుడ్డు మీదా పెన్సిల్‌తో గీత గీయండి, ఎందుకంటే పక్క పెట్ట వచ్చి అదే గంపలో కొత్త గుడ్డు పెట్టిపోతుంది, గీత లేనిది రోజూ తీసేయొచ్చు. కోడి రోజుకొకసారి దిగి తిని, నీళ్ళు తాగి, ఒక పెద్ద రెట్ట వేసి 15, 20 నిమిషాల్లో ఎక్కేస్తుంది. దిగకపోతే మీరే ఎత్తి దింపండి. తేమా వేడీ దానికి తెలుసు, మీరు లెక్కలు వేయక్కర్లేదు.

పొదుగు వద్దనుకున్న కోడిని నీళ్ళలో ముంచడం, ముక్కులో ఈక గుచ్చడం చేస్తారు చాలామంది. అవేం అక్కర్లేదు, అడుగున జాలీ ఉన్న పంజరంలో మేతా నీళ్ళూ పెట్టి మూడు నాలుగు రోజులు ఉంచండి, పొట్టకి గాలి తగిలి మామూలైపోతుంది.

పెట్టెలో పెడితే

మన వైపు పెట్టె చవక. రొయ్యలు, చేపలు ఐస్‌లో పంపే థర్మోకోల్ పెట్టెలు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి. ఒకటి తెచ్చి సబ్బునీళ్ళతో కడిగి ఎండలో ఆరబెట్టండి. పింగాణీ హోల్డర్‌లో 40 వాట్ల తీగ బల్బు, కంప్యూటర్‌లో ఉండే చిన్న 12 వోల్టుల ఫ్యాను, దాని అడాప్టరు, వేడిని బట్టి బల్బుని ఆర్పి వెలిగించే డబ్ల్యూ 1209 అనే చిన్న థర్మోస్టాట్ బోర్డు, ఒక తేమ మీటరు. బల్బు థర్మోకోల్‌కి అర జానెడు దూరంలో ఉండాలి, వెనక రేకు ముక్క అడ్డం పెట్టండి, లేకపోతే కరిగి కంపు కొడుతుంది, అంటుకున్నా ఆశ్చర్యం లేదు. పక్కల్లో పెన్సిల్ దూరేంత కన్నాలు కింద నాలుగు, పైన నాలుగు. పైన అద్దం బిగించుకుంటే మూత తీయకుండానే చూసుకోవచ్చు. కరెంటు పని రాకపోతే ఎలక్ట్రీషియన్‌తో వైరింగ్ చేయించుకోండి.

గుడ్లు పెట్టేముందు ఒక రోజు ఖాళీగా నడిపి మీటర్లు నిజం చెబుతున్నాయో లేదో చూడండి. వేడికి, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్‌నీ, బోర్డు తాలూకు తీగ కొననీ ఒకే గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళలో పెట్టి రెండు అంకెలూ పోల్చండి. తేమకి ఇంకా సులువు, ఉప్పు. చెంచాడు ఉప్పుని నాలుగు చుక్కల నీళ్ళతో తడిపి, తేమ మీటరుతో కలిపి గాలి చొరని డబ్బాలో ఒక రాత్రి ఉంచండి, పొద్దున 75 చూపించాలి. నాది 66 చూపించింది. అంటే నా శ్రావణం బాచ్‌లో మీటరు 9 తక్కువ చూపిస్తోంది, నేనేమో అది చూసి ఇంకా నీళ్ళు పోస్తున్నాను!

ఫ్యాను ఉన్న పెట్టెకి వేడి 37.5 డిగ్రీలు. తేమ మొదటి 18 రోజులు 50 నుంచి 55, చివరి మూడు రోజులు 65 నుంచి 70. ఇక్కడే మన డెల్టా లెక్క వేరు. వానాకాలంలో బయట 30 డిగ్రీల దగ్గర తేమ 85 దాకా ఉంటుంది. ఆ గాలే పెట్టెలోకి వెళ్ళి 37.5కి వేడెక్కితే దాని తేమ శాతం 55 దగ్గరికి దిగుతుంది, అంటే ఒక్క చుక్క నీళ్ళు పోయకుండానే మనకి కావాల్సింది వచ్చేసినట్టు. నేను దాని మీద గిన్నెడు నీళ్ళు పెట్టాను. అదే సంక్రాంతి చలిలో 20 డిగ్రీల గాలి వేడెక్కితే 30 దగ్గరికి పడిపోతుంది, అప్పుడు గిన్నె పెట్టాల్సిందే. కాలాన్ని బట్టి, మీటరుని బట్టి నీళ్ళు. వీడియోని బట్టి కాదు.

మీటరు మీద కూడా నమ్మకం లేకపోతే వంటింటి కాటా తెచ్చుకోండి, అంతకన్నా నిజం చెప్పేది లేదు. గుడ్డులోంచి రోజూ కొంచెం నీరు ఆవిరైపోవాలి, అలా పోయినచోట వెడల్పు కొన వైపు గాలి గది పెరుగుతుంది, పిల్ల మొదటి ఊపిరి పీల్చేది ఆ గదిలోనే. 18వ రోజుకి గుడ్డు బరువులో 13 శాతం దాకా తగ్గాలి. పది గుడ్లు కలిపి మొదటి రోజు 450 గ్రాములుంటే ఏడో రోజుకి 427, పద్నాలుగో రోజుకి 405, పద్దెనిమిదో రోజుకి 391 దగ్గర ఉండాలి. ఒకటి రెండు గ్రాములు అటూ ఇటూ అయితే టెన్షన్ పడకండి. బరువు తగ్గడం లేదంటే గిన్నె తీసేసి ఇంకో రెండు కన్నాలు తెరవండి, మరీ తగ్గుతుంటే చిన్న మూతలో నీళ్ళు పెట్టండి. శ్రావణంలో ఈ పని చేసుంటే ఆ పద్నాలుగూ బతికేవి.

గుడ్డుకి ఒక పక్క సున్నా, ఇంకో పక్క ఇంటూ గీసి రోజుకి మూడుసార్లో అయిదుసార్లో తిప్పండి. బేసి సంఖ్యే ఎందుకంటే పొడుగాటి రాత్రి రోజూ ఒకే పక్క మీద గడవకూడదు. ఏడో రోజు రాత్రి లైట్లు ఆర్పి ఫోన్ టార్చి మీద గుడ్డు వెడల్పు కొన ఆనించి చూడండి. సాలెగూడులా ఎర్రటి నరాలు, మధ్యలో కదిలే చుక్క కనిపిస్తే బతికున్నట్టు. తేటగా దీపంలా వెలిగితే ఖాళీ, రక్తం గీత ఉంగరంలా చుట్టుకుని ఉంటే చచ్చినట్టు. ఆ రెండు రకాలూ తీసేయండి, లోపలే ఉంచితే మురిగి పగిలి మొత్తం పెట్టెని పాడు చేస్తాయి, ఆ వాసన వారం వదలదు.

కరెంటు పోతే మూత తీయకండి. పైన దుప్పటి కప్పండి, గంట, రెండు గంటలు గుడ్లు తట్టుకుంటాయి. ఇంకా రాకపోతే వేడినీళ్ళ సీసాలు గుడ్డ చుట్టి లోపల పక్కన పెట్టండి. కోడి కూడా రోజూ దిగుతుంది కదా, గుడ్డు దానికి అలవాటు పడిందే. చల్లబడటం కన్నా 40 దాటి వేడెక్కడమే చంపేస్తుంది.

18వ రోజు తిప్పడం ఆపేసి కింద గరుకు గోనె ముక్క పరిచి, తడి స్పాంజి పెట్టి తేమ పెంచి, మూత వేసేయండి. 20వ రోజు నుంచి లోపల కీచుకీచులు వినిపిస్తాయి, ఒకచోట పెంకు చిట్లుతుంది. అక్కడి నుంచి పిల్ల బయటపడటానికి 12 గంటలు పట్టొచ్చు, 24 పట్టొచ్చు, మధ్యలో గంటలకొద్దీ కదలదు. వేలు పెట్టి పెంకు ఒలవాలని చెయ్యి దురద పెడుతుంది. వద్దు. పెంకు లోపలి పొరలో ఇంకా రక్తనాళాలు ఉంటాయి, ఒలిస్తే రక్తం కారి చస్తుంది. నేను ఒకదాన్ని అలాగే పోగొట్టుకున్నాను.

పిల్లలు లేచాక

తడి ఆరి బంతుల్లా ఉబ్బేదాకా పెట్టెలోనే ఉంచండి. పచ్చసొన కడుపులోకి లాక్కునే పుడతాయి కాబట్టి మొదటి రోజంతా మేత లేకపోయినా ఫరవాలేదు. తర్వాత అట్టపెట్టెలో ఊక, దాని మీద గోనె పరిచి బల్బు వేలాడదీయండి. ఉత్త పేపరు మీద వదిలితే కాళ్ళు జారి చీలిపోతాయి. మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి 3 చొప్పున తగ్గించుకుంటూ రండి. థర్మామీటర్ కన్నా పిల్లల్నే చూడండి, బల్బు కింద కుప్పపడితే చలి, దూరంగా పోయి నోరు తెరిస్తే వేడి, సమంగా పరుచుకుని నిద్రపోతుంటే సరిగ్గా ఉన్నట్టు. ముందు బెల్లం కలిపిన నీళ్ళు, తర్వాత చిక్ స్టార్టర్ అనే చిన్నపిల్లల మేత. ఉత్త నూకలతో పెంచితే రెక్కలు వాలేస్తాయి, మాంసకృత్తులు చాలవు. నీళ్ళ మూకుడులో గులకరాళ్ళు వేయండి, లేకపోతే అందులో పడి చస్తాయి. ఊక తడిస్తే ఆ పూటే మార్చండి, తడి ఊకలోనే రక్తపారుడు పుడుతుంది.

కొక్కెర తెగులుకి టీకా తప్పదు. వస్తే కోళ్ళ మంద మొత్తం పోతుంది, వచ్చాక మందు లేదు. ఏడో రోజు లాసోటా అనే టీకా కంట్లో ఒక చుక్క, నాలుగో వారంలో మళ్ళీ, ఎనిమిదో వారంలో రెక్క కింద ఇంజెక్షన్. సీసా సాధారణంగా వంద డోసులది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, కాబట్టి వీధిలో నలుగురు కలిసి ఒకే రోజు వేయించుకోండి. పశువుల ఆసుపత్రిలో అడిగి ఐస్ ఫ్లాస్కులో తెచ్చుకోండి, చొక్కా జేబులో కాదు.

2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ తేలింది గుర్తుందిగా. నాలుగు కోళ్ళు వరసగా పోతే కోసుకు తినేయకండి, అమ్మేయకండి, పశువుల డాక్టరుగారికి చెప్పండి. ఆయన చెప్పాక లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. కాలవలో పారేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. దిగువ ఊరికి తెగులు పంపడమే అది.

కోడి కింద లేచిన పిల్లలైతే బల్బు గొడవ లేదు, ఆరేడు వారాలు తల్లే తిప్పుకుంటుంది. ఒక రోజు ఉన్నట్టుండి పిల్లల్ని ముక్కుతో పొడిచి తరిమేస్తుంది. కంగారు పడకండి, మళ్ళీ గుడ్లకి వస్తోందన్నమాట. ఆ సాయంత్రానికి గంపలో ఊక మార్చి ఉంచండి.